రౌటర్‌లోంచి పోయిన పేజీ

మా చుట్టాల్లో ఇప్పటికీ ఒక కథ నడుస్తోంది. భద్రాచలంలో అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో, కింద ఒకరు, పైన ఒకరు, చక్కగా ఉండేవాళ్లట. ఇంటర్నెట్ డబ్బాకు దానంతట అదే ఏదో అప్‌డేట్ వచ్చి, అందులో ఒక పేజీ మాయమైందట. ఆ పేజీ కోసం పెద్దకోడలు ఇల్లంతా రచ్చచేసి, మరిది సంసారాన్ని అశ్వారావుపేటకు తరిమేసిందట. పెద్దకోడలంటే నేనే.

తరిమిన మాట నిజం, కాదనను. అబద్ధమల్లా ఆ "దానంతట అదే" అన్న ముక్క. రెండువేల దశకం చివర్లో మా ఇంట్లో ఉన్న రౌటర్‌కు ఏదీ దానంతట అది వచ్చేది కాదు. ఎవరో ఒకరు దాన్ని తయారుచేసినవాళ్ల సైటులోంచి ఫైలు దించుకోవాలి. రౌటర్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోవాలి. ఫైలు ఎక్కించి, అది పూర్తయ్యేదాకా ముట్టుకోకుండా కూర్చోవాలి. మధ్యలో కరెంటు పోతే డబ్బా చచ్చినట్టే. వానాకాలంలో మా కరెంటు ఎట్లా ఉండేదో ఎరిగినవాళ్లకు అది ఎంత తెగింపో వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో అంత తెగించిన మనిషి ఒకరున్నారు. అది నాకు తెలిసేసరికి చేయాల్సిన నష్టమంతా చేసి ఉన్నాను.

నేను దుమ్ముగూడెం మండలంలో ఒక బడిలో సోషల్ చెప్పేదాన్ని. రోజూ బస్సులో పోయిరావడం. మా ఆయనది సర్కారు ఆఫీసులో గుమాస్తా పని. మాకు ఒక్కతే కూతురు. ఫోను లైను కిందికి వచ్చింది కాబట్టి రౌటర్ కిందే ఉండేది, కిటికీలోంచి వైరు పైకి లాగి మరిది కంప్యూటర్‌కు కలిపాం. ఆ రౌటర్‌లో లాగ్ అని ఒక పేజీ ఉందని చూపించింది నా కూతురే. ఏ కంప్యూటర్ ఎన్నింటికి నెట్టెక్కింది, ఏ సైటుకు పోయింది, ఎన్నింటికి దిగింది, అన్నీ వరసగా రాసి ఉండేవి. వేళలు పెట్టే పేజీ ఇంకొకటి ఉండేది. ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫలానా మిషన్‌కు నెట్ బంద్ అని నొక్కితే బందే. రౌటర్ పాస్‌వర్డ్ పెట్టింది కూతురు. తనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మిగతావాళ్లు పొద్దున్నే పేపరు చదివితే, నేను లాగ్ చదివేదాన్ని. చదివి ఊరుకునే రకాన్ని కాను.

"ఏమే చెల్లె, నిన్న పదకొండున్నరకెళ్లి ఒంటిగంట దాక నెట్ల ఉన్నవ్. మా మరిదికి పప్పు ఎప్పుడు ఉడికింది? నెట్లనే ఉడికిందా?" అని మెట్ల కింద నిలబడి అడిగేదాన్ని.

మా యారాలు, అంటే మరిది భార్య, పైనుంచి నవ్వేది. "ఉడికింది అక్కా, నీకు గిన్నె పంపనా?" అనేది. ఆ నవ్వు నాకు గిట్టేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం కింద కలిసి తినేవాళ్లం. అట్లాంటి ఒక ఆదివారం నేను అన్నం కలుపుతూ, "మనింట్ల కొత్తగ టెంతు పిల్ల చేరింది, మీకెవ్వరికన్న తెల్సా?" అన్నాను.

"ఎవరొదినా?" అన్నాడు మరిది.

"ఇంకెవరు, నీ పెండ్లాం. వారం సంది పొద్దుగాల పదిన్నరకు పదో తరగతి లెక్కల పేపర్లు దించుకుంటుంది. ఓపెన్ స్కూల్ పరీక్షంట. ముప్పై రెండేండ్లకు! ఏమే, తొమ్మిదో తరగతి ఎన్నిమాట్లు తప్పినవ్?"

మరిది అన్నం గొంతుకు అడ్డుపడేలా నవ్వాడు. మా ఆయన తలెత్తలేదు. ఆమె కూర వడ్డిస్తూనే, "తప్పలే అక్కా. మాన్పిచ్చిన్రు," అంది.

నా కూతురు సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది. పిన్ని చంక దిగకుండా పెరిగిన పిల్ల. ఆ తర్వాత పై మిషన్ ఆ సైటు వైపు మళ్లీ పోలేదు. లాగ్‌లో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కూతురినీ వదల్లేదు. "కెమిస్ట్రీ అని కూసున్నవ్, నలభై నిమిషాలు పాటల సైట్ల ఏం చేసినవ్ బిడ్డా?" అంటే, "అవ్ అమ్మా," అనేది. అంతే. ఎదురు మాట్లాడదు. ఎంత బాగా పెంచానో అని మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు ఇంజనీరింగ్ ఎంట్రెన్సులో దానికి మంచి ర్యాంకు వచ్చింది. కాలేజీల ఆప్షన్లు నెట్‌లో పెట్టాలి, గడువు రోజు దాకా మార్చుకోవచ్చు. పక్కన కూర్చుని నేనే పెట్టించాను. మొదటిది కొత్తగూడెం, రోజూ బస్సులో పోయి రావచ్చు. తర్వాత ఖమ్మం, ఆ తర్వాత పాల్వంచ. వరంగల్ పెడతానంది. "హాస్టల్ల ఏం చేస్తున్నవో నాకెవరు చెప్పాలె?" అన్నాను. "అవ్ అమ్మా," అంది. ఆప్షన్ల సైటు పాస్‌వర్డ్ కాగితం మీద రాసి గోడ క్యాలెండర్‌కు గుచ్చాం. ఇల్లంతటికీ అది కనిపించేదే.

గడువుకు ముందు రోజు నేను బడిలో ఉండగా గోదావరి పెరిగి రోడ్డెక్కింది. బస్సులు ఆగిపోయాయి. రెండు రోజులు తోటి టీచరు ఇంట్లో చిక్కుకుపోయాను. ఫోన్ చేసి మా ఆయనకు ఒకటే చెప్పాను: "ఆప్షన్ల జోలికి ఎవ్వలూ పోవద్దు."

నీళ్లు తీశాక ఇంటికి చేరి, చీర కూడా మార్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రౌటర్ తెర రంగే మారిపోయింది. లాగ్ లేదు. వేళలు పెట్టే పేజీ లేదు. మిగిలినవి పాస్‌వర్డ్ మార్చుకునే బొత్తామూ, ఆపి మళ్లీ వెలిగించే బొత్తామూ.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"అప్‌డేట్ వచ్చిందంట. దానంతట అదే. బిడ్డ చెప్పింది," అన్నాడు మా ఆయన. తర్వాత చిన్నగా, "నీ పోరు పడలేక ఆ డబ్బాకు గూడ మతిపోయినట్టుంది," అన్నాడు.

నమ్మాను. నా కూతురు చెప్పింది కదా మరి.

కొద్ది రోజులకు సీట్లు ప్రకటించారు. నా కూతురికి చిత్తూరు జిల్లాలో ఒక కాలేజీ వచ్చింది. నేను ఆ ఊరి పేరు కూడా వినలేదు. ఆప్షన్ల కాగితం తీయించి చూస్తే నేను పెట్టించినది ఒక్కటీ మొదట్లో లేదు. చిత్తూరు, అనంతపురం, కడప, ఆ తర్వాత శ్రీకాకుళం. కాలేజీ మంచిదా చెడ్డదా అన్న లెక్కే లేదు. మ్యాపు ముందు పెట్టుకుని, భద్రాచలానికి ఏది ఎంత దూరమో చూసి వరసబెట్టినట్టుంది. ఆ ర్యాంకుకు వరంగల్ కళ్లకద్దుకుని ఇచ్చేవాళ్లు. పిల్ల మంచి కోరినవాళ్లు ఎవరూ చేసే పని కాదిది. మరి నా పిల్ల చెడు కోరేవాళ్లు ఎవరు? నాకు క్షణం పట్టలేదు. పదో తరగతి పేపర్ల ముచ్చట మనసులో పెట్టుకున్నది ఎవరో, క్యాలెండర్‌కు గుచ్చిన కాగితం రోజూ చూసేది ఎవరో, వాళ్లే. దొరక్కుండా లాగ్ కూడా తీసేసింది. రౌటర్ పాస్‌వర్డ్ ఆమెకెట్లా తెలుస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ సాయంత్రం అందరినీ కింద హాల్లోకి పిలిచాను. ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి యారాలి ముందు పెట్టాను. మాలో ప్రమాణమంటే అదే, మండుతున్న కర్పూరం మీద అరచేత్తో కొట్టి ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే ఇల్లు నిలవదంటారు. చదువుకున్నదాన్ని, బడిలో పిల్లలకు మూఢనమ్మకాల పాఠం చెప్పేదాన్ని. అయినా పెట్టాను. ఎందుకంటే ఆమె నమ్ముతుంది.

"నేను చెయ్యలే అక్కా," అంది ఆమె. "నేను ఆప్షన్లు ముట్టలేదని దీని మీద ఆర్పుత." చెయ్యి చాచింది.

"గది గాదు," అన్నాను. "వేరేటోళ్లతోటి చేపిచ్చి, నేను ముట్టలేదని తప్పించుకుంటవ్. 'ఎవరు చేసిన్రో నాకు తెల్వదు' అని ఆర్పు."

ఆమె చెయ్యి పళ్లెం మీద ఆగింది. నా వైపు చూడలేదు. ఎటు చూసిందో ఆ రోజు నేను పట్టించుకోలేదు. నా కూతురు వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. యారాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. కర్పూరం దానంతట అదే అయిపోయింది.

"చూసిన్రా?" అన్నాను నలుగురి వైపూ తిరిగి. "తొమ్మిదోది తప్పినా తెలివికేం తక్కువ లేదు."

"వదినా, ఇంక చాలు," అన్నాడు మరిది. భార్యను మాత్రం ఒక్క మాట అడగలేదు. అతనూ నా మాటే నమ్మాడని మొహం చెప్పింది. ఆ నెల్లోనే అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీలో పని చూసుకుని కాపురం మార్చాడు. వాళ్లు సామాను దించుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి పైకి పోయే వైరు కత్తిరించాను. సామాను గుమ్మం దాటేదాకా ఆగొచ్చు. ఆగలేదు.

కూతురు చిత్తూరు పోయింది. బస్సు దగ్గర ఏడుస్తుందనుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడింది.

తర్వాత నాకు ఆ లాగ్ మళ్లీ కావాలనిపించింది. కనిపెట్టి చూడడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు, అయినా కావాలనిపించింది. ఖమ్మం నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించాను. అతను చూసి, "పాత వర్షన్ ఇప్పుడు దొరకదు మేడమ్. ఇది కావాలని ఎక్కించిన్రు," అన్నాడు. ఎట్లా ఎక్కిస్తారో మొత్తం చెప్పాడు. "పాస్‌వర్డ్ తెల్వనోళ్లు లోపలికే పోలేరు. మీ ఇంట్ల ఎవరెవరికి తెల్సు?"

"నాకు," అన్నాను. రెండో మనిషిని చెప్పలేదు.

అతన్ని పంపించి తలుపేసుకున్నాను. పశ్చాత్తాపపడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నిజానికి నాకు మొదట వచ్చింది కోపం. నేను పెంచిన పిల్ల నాకంటే తెలివైనదని తెలిసిన కోపం.

అంతలో దానికి మొదటి సెలవులు వచ్చాయి. రావాల్సిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. బస్సులు దొరకలేదంది. బస్సు దొరికింది, మధ్యలో అశ్వారావుపేటలో దిగిందని మా ఆయన తర్వాత నోరు జారాడు. పిన్నీ కూతురూ కలిసే ఉన్నారని ఆయనకెప్పుడో తెలుసు.

నేను ఒకసారి అశ్వారావుపేట పోయాను. క్షమాపణ కోసం కాదు, తేల్చుకోవడానికి. యారాలు గుమ్మంలో నిలబెట్టలేదు, లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. బల్ల మీద పదో తరగతి లెక్కల పుస్తకం ఉంది. మార్జిన్లలో పెన్సిల్ అక్షరాలు నా కూతురివి.

"ఆ రోజు నీకు తెల్సా?" అని అడిగాను.

"గప్పుడు నువ్వు అడిగినవా అక్కా? ఒప్పిద్దామని సూసినవ్ గానీ."

"ఇప్పుడు అడుగుతున్న."

"ఇప్పుడు యాదికి లేదు. చాయ్ చల్లారుతుంది, తాగు."

అన్నేళ్లు నేనామెను పొడిచిన మాటలన్నీ కలిపినా అంత లోతు దిగలేదు. తాగి వచ్చేశాను.

కూతురు ఇప్పుడు ఉద్యోగంలో ఉంది, మాకు దూరంగానే. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. బాగున్నానంటుంది, తిన్నానంటుంది, నేనేం అన్నా "అవ్ అమ్మా" అంటుంది. ఆప్షన్లు మార్చావా, లాగ్ చెరిపావా అని నేను అడగను. ఆ రెంటికీ జవాబు నాకు అక్కర్లేదు, తెలుసు. దూరం పోవాలనుకుంది, పోయింది. నా దగ్గర పెరిగిన ఎవరైనా పోతారు.

అడగాల్సింది వేరే ఉంది. ప్రతి ఆదివారం నోటిదాకా వస్తుంది. బిడ్డా, కర్పూరం మీద నీ పిన్ని చెయ్యి ఆగినప్పుడు నువ్వు తలుపు దగ్గరే ఉన్నావు కదా. ఒక్క మాటతో ఆమెను విడిపించగలిగేదానివి. నోరు తెరవనిది నా మీది భయంతోనా, లేక నేను ఎంతదాకా పోతానో చివరిదాకా చూడాలనా?