జల్లెడకి నేనేసిన అతుకులు

"జల్లెడ కన్నాలు ఎవరైనా పూడుస్తారా మామ్మా?"

"జల్లెడని ముందు సెప్పాలి కదేటే. నువ్వు ప్లేటన్నావు. ప్లేటుకి కన్నాలుంటే పులుసెక్కడ నిలుస్తాది?"

"ఆ మూలనున్న పన్నెండే ముట్టుకోమన్నాను."

"పన్నెండు కుట్టీసి మిగతావి ఒగ్గీమంటావా? సగం పని ఒగ్గీడం మన ఇంటా వంటా నేదు."

"మిగతావి చిరుగులు కావు మామ్మా, కన్నాలు. కన్నాలుంటేనే అది జల్లెడ."

ఆ మాటతో నా నోరు పడిపోయింది. నా నోరు పడిపోతే చూడాలని రాయగడలో మా వీధి వీధంతా ముప్పై ఏళ్ళుగా కాచుక్కూచుంది. తీరా పడిపోయిన రోజున చూసింది నా మనవరాలు హారిక ఒక్కత్తే. అదేమో కళ్ళు తుడుచుకుంటోంది, ఆనందించే తీరిక దానికి లేదు.

ఇది మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు అరవై ఎనిమిది. ఆ వయసు పొగరు ఎలాంటిదో మీకు తెలుసు కదా. తెలియకపోతే చదవండి. ఒక పూటలో, ఒక్క చేత్తో, పిల్ల ఆర్నెల్ల కష్టాన్ని ఎలా గంగలో కలపొచ్చో వివరంగా చెబుతాను.

హారిక ఇంజినీరింగు చదివింది. విశాఖపట్నంలో ఒక చిన్న ఆఫీసు దాన్ని ఆర్నెల్ల ట్రయల్ మీద తీసుకుంది. ఇంటి నుంచే పని. ఫ్యాక్టరీల్లో యంత్రం ముక్క ఏదైనా ఎక్కడ పగులుతుందో, పగలకముందే కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పడం ఆ ఆఫీసు వ్యాపారం. ఆర్నెల్లూ నేను చెబుతున్న రోజుకి మర్నాటితో అయిపోతాయి. పొద్దున్న పదింటికి ఆఫీసు మేడం వీడియోలో కూచుని దీని పని చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంటి దగ్గర నా మొహం చూసుకుంటూ కూచోవడమే. రెండోది ఎంత కష్టమో దానికి బాగా తెలుసు.

పనేమిటంటే, ఖనిజపు రాళ్ళని జల్లించే ఒక ఇనప రేకుకి కంప్యూటర్లో గీసిన బొమ్మ. ఆ జల్లించడం సంగతి నాకు తర్వాత తెలిసింది. హారిక ఎప్పుడూ "ప్లేటు, ప్లేటు" అనేది, నేనూ ప్లేటనే అనుకున్నాను. ఆ రేకు మీద మూడు మూలల ముక్కలు వేలకి వేలు పక్కపక్కనే పరుస్తారు. దాన్ని మెష్ అంటారుట. దోమతెరని రేకు మీద జిగురుతో అంటించినట్టుంటుంది. ఏ ముక్క మీద ఎంత బరువు పడుతోందో కంప్యూటరు ఒక్కోటీ లెక్కేసుకుంటుంది.

కొన్ని చోట్ల ఆ ముక్కలు ఆవగింజల్లా ఉన్నాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. "అంత సిన్నవెందుకే, పెద్ద ముక్కలేస్తే బేగి అయిపోద్ది కదా" అన్నాను. కన్నం అంచునే పగులు మొదలవుతుందనీ, అక్కడ పెద్ద ముక్క వేస్తే పగులు దాని కింద దాక్కుంటుందనీ, అందుకే అక్కడ చిన్నవీ, పనిలేని చోట పెద్దవీ వెయ్యాలనీ ఓపిగ్గా చెప్పింది. నేను తలూపేను. చెప్పినదంతా విన్నాను కూడా. వినడం వేరు, బుర్రకెక్కడం వేరు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే ఒప్పేసుకుంటాను. ఈ గొడవకి ముందు రోజు సాయంత్రం, లాప్‌టాప్ నిండిపోయిందని పిల్ల విసుక్కుంటూంటే వెనక నిలబడి చూసేను. అదే బొమ్మ, అయిదు పేర్లతో, అయిదు చోట్ల దాచింది. ఒక్క కొబ్బరి చిప్పని మూడు కూరలకి సరిపెట్టే మనిషిని, నేనెలా ఊరుకుంటాను?

"ఒక్క మొగుడితో ఏభై ఏళ్ళు నెట్టుకొచ్చేను, నీకొక్క బొమ్మ సాలదేటి?" అన్నాను.

నా పోరు పడలేక నాలుగు తీసేసింది. చేతులు కాలేక ఆకులు పట్టుకోవడం లోకంలో అందరూ చేసేదే. నేను ముందు రోజే ఆకులు కూడా కాల్చేసేను.

ఇక ఆ పూట. ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన బొమ్మలో ఒక మూల అతుకులు విడిపోయి వచ్చేయిట. వాటిని ఒక్కోటీ కుట్టుకుంటూ రెండు రోజులు ఎలక తిప్పి తిప్పి పిల్ల మణికట్టు బూరెలా పొంగింది. కంప్యూటరు ఎలక లెండి. ఇంక పన్నెండు మిగిలేయి. చెయ్యి చూస్తే వేలు మడత పడటం లేదు. మెడికల్‌కి, అంటే మా ఊరి పెద్దాసుపత్రికి, వెళ్ళి డాక్టరుకి చూపించుకోమన్నాను. అక్కడి లైనుకి పొద్దున్న వెళ్తే మధ్యాహ్నం దాటుతుంది, మరి ఈ పన్నెండూ ఎవరు కుడతారంది.

"నేను కుడతాను" అన్నాను.

అది నవ్వింది. నాకు రోషం వచ్చింది. గుడారి అనే ఊరి దగ్గర మాకు పొలం ఉన్న రోజుల్లో ఎలకలు కొట్టిన గోనెసంచులన్నీ కుట్టింది ఎవరు? దబ్బనం, పురికొస పట్టుకుని కూచున్నానంటే నేను కుట్టిన చోటు తప్ప మిగతా సంచి చిరిగేది. ఆ మాట దానికి చెప్పేను. అది గడియారం చూసింది, నన్ను చూసింది, చేతిని చూసుకుంది. చివరికి నేర్పింది. విడిపోయిన చోట అంచు ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు మీద బాణం పెట్టి నొక్కాలి, పక్కనున్న గుర్తు మీద నొక్కాలి, కంప్యూటరే కొత్త ముక్కలు పుట్టించి మూసేస్తుంది. ప్రతి అతుకు తర్వాతా రెండు మీటలు కలిపి నొక్కితే, కరెంటు పోయినా చేసిన పని పోదు.

"ఈ పన్నెండే మామ్మా. అయ్యేక ఇంకేటీ ముట్టుకోకు" అని చెప్పి చెప్పులేసుకుంది.

పన్నెండూ అరగంటలో కొట్టేసేను. నిజంగానే కుదురుగా వచ్చేయి, ఎవరూ వంక పెట్టలేరు. అక్కడితో లేచి బియ్యం కడిగి ఉంటే ఈ కథే లేదు. లేవబోతూ ఎలక మీదున్న చక్రానికి వేలు తగిలించేను. బొమ్మ గిర్రున దూరం జరిగింది. అప్పుడు కనిపించింది మొత్తం రేకు. దాని నిండా గుండ్రంగా ఎర్ర ఎర్రటి కన్నాలు.

ఇన్ని చిరుగులు పెట్టుకుని పిల్ల పన్నెండంటుందేమిటి? రేపు మేడం చూస్తే ఏమైపోవాలి? కొంగు నడుముకి దోపేను. కన్నం అంచునే పగులు వస్తుందని అది చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది, తలకిందులుగా. కన్నమే లేకపోతే అంచెక్కడ, పగులెక్కడ? ఇంత చిన్న ఉపాయం చదువుకున్న పిల్లకి తట్టలేదే అని జాలేసింది కూడా.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మామ్మ అలా కాదు, అడక్కుండానే అతుకు పెట్టేస్తుంది. వరసకి పదహారు, అలాంటివి ఇరవై నాలుగు వరసలు. ఒక్కోదానికి నొక్కు, నొక్కు, రెండు మీటలు. టీ లేదు, తిండి లేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం అనుమానం వచ్చింది, ఇదేమి ఎలక, గళ్ళ పుస్తకంలో ఎక్కాలు రాసినట్టు వరస తప్పకుండా కొరికిందేమిటి అని. ఎంత చదువుకున్న ఎలకైనా అలా కొరకదు. ఆ అనుమానాన్ని కూడా పూడ్చేసేను.

రోజూ బియ్యం, రవ్వ, పిండి జల్లించే మనిషిని. జల్లెడ చేత్తో పట్టుకోని రోజు లేదు. కంప్యూటర్లో ఎదురుగా నిలబడితే ఆనవాలు పట్టలేకపోయేను.

మూడింటికి చేతికి కట్టుతో వచ్చింది. రేకు అద్దంలా ఉంది, ఒక్క ఎర్ర మచ్చ లేదు. "సూడు" అన్నాను. అది చూసింది. తర్వాత మా ఇద్దరి మధ్య జరిగింది మీరు మొదట్లోనే చదివేరు.

వెనక్కి వెళ్ళే మీట ఒకటుందని నొక్కింది. అది ఇరవై అతుకుల దాకా వెళ్ళి ఆగిపోయింది. మిగతా నాలుగు బొమ్మల కోసం వెతకబోయి, చెయ్యి మధ్యలో ఆపి, నా వైపు చూసింది. తిడితే బాగుణ్ణనిపించింది.

"మరి కన్నాలకి కూడా ఎర్ర అంచెందుకు పెట్టింది, మాయదారి కంప్యూటరు" అన్నాను, ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా.

"దానికి చిరుగూ కన్నమూ ఒకటే మామ్మా. తేడా తెలుసుకోవాల్సింది మనం."

ఫ్యాక్టరీ బొమ్మ మళ్ళీ తెచ్చుకుంటే రెండు రోజుల కుట్టుపని మొదటికొస్తుందంది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, రేకు ఇప్పుడు నున్నగా ఉంది కాబట్టి ఫ్యాక్టరీ కొలతల కాగితం ప్రకారం ఒక్క కన్నం కొత్తగా కోసి, దాన్నే వరసలు వరసలుగా దించొచ్చంది. దాని కుడి చేతికి కట్టు. ఎలక నేనే పట్టుకున్నాను. చెయ్యి నాది, బుర్ర దానిది. ఆ ఏర్పాటే పొద్దున్న చేసుకునుంటే ఎంత బాగుండేది. నేను నాలుగు గంటలు చెమటోడ్చి పూడ్చినవన్నీ అది చెప్పినట్టు నొక్కితే పావుగంటలో తెరుచుకున్నాయి. నిజం చెప్పొద్దూ, కాస్త అవమానంగా కూడా అనిపించింది. తర్వాత ప్రతి కన్నం చుట్టూ చిన్న ముక్కలు మళ్ళీ పరిచి, వంకరగా వచ్చినవి సరిచేసి, రాత్రి భోజనాల వేళకి లెక్క మొదలుపెట్టేం. చిన్న ముక్కల గురించి ఆ పూట నేనొక్క మాట కూడా అనలేదు.

మర్నాడు పదింటికి మేడం వీడియోలోకి వచ్చేరు. నేను తలుపు వెనక చేటలో బియ్యం పెట్టుకుని కూచున్నాను. ఒక్క రాయి కూడా ఏరలేదు. ఆవిడ చాలాసేపు చూసి, పగులు ఎక్కడొస్తుందో బాగా పట్టుకున్నావన్నారు. తర్వాత, ఈ కన్నాలు ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన బొమ్మలోవి కావే, ఎవరు మార్చారని అడిగేరు.

అబద్ధమాడితే వాత పెడతానని ఆ పిల్లని పెంచింది నేను. ఆ ఒక్క పూటకి ఆ పెంపకం మరిచిపోతే బాగుణ్ణని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మరిచిపోలేదు. చెయ్యి వాపు, మెడికల్, అతుకులు, తీసేసిన నాలుగు బొమ్మలు, అన్నీ చెప్పేసింది. తర్వాత మేడం నన్ను పిలవమన్నారు. కొంగు సర్దుకుని వెళ్ళేను.

"మొత్తం ఎన్ని పూడ్చారమ్మా?"

"ఉన్నవన్నీనమ్మా. ఒక్కటీ ఒగ్గలేదు."

ఆవిడ కాసేపు చేత్తో నోరు మూసుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని హారికతో అన్నారు: "పని సరిగ్గా ఉంది. కానీ ఆఫీసు పని ఇంకొకరి చేతికిచ్చావు, కాపీ ఉంచుకోలేదు. అందుకని నీకు ఇంకో నెల ట్రయల్." హారిక తలూపింది. "మీ మామ్మగారికి మాత్రం ట్రయల్ అక్కర్లేదు. ఆవిణ్ణి ఇప్పుడే పనిలోంచి తీసేస్తున్నాను."

చేరినట్టే తెలియని ఉద్యోగం అలా పోయింది. హారిక ఉద్యోగం ఖాయమవడానికి పట్టిన ఆ నెల ఆలస్యం మాత్రం నా పుణ్యమే, కాదనను. అక్కడే నిలబడి, మేడం ఎదట, కంప్యూటరు సాక్షిగా ప్రమాణం చేసేను: ఇక మీదట ఏ కన్నం కంటబడినా, అది ఎవరిదో, ఎందుకుందో, ఉండాలో వద్దో అడిగి తెలుసుకునే దాకా వేలు పెట్టను. అడిగేక కూడా పెట్టను.

పది గంటల ఇరవై నిమిషాలకి నన్ను తీసేశారు. పదిన్నరకి పొయ్యి మీద పప్పు పడేసేను.