లక్ష్మీదేవిని తిప్పిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, కదలనిదేదీ జనం కంటికి ఆనదని. ఇరవై దాటీ దాటని వయసులో ఇలాంటి నమ్మకాలు జ్వరంలా వస్తాయి. అవి తగ్గేదాకా పక్కవాళ్లు భరించాలి. నా విషయంలో ఆ భరించే భాగ్యం రాయచూరు బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మా పెద్దనాయనకు దక్కింది. డిగ్రీ అయిపోగానే మా నాయన నా భవిష్యత్తును ఒక్క మాటలో తేల్చేశాడు. అన్నదమ్ములిద్దరిదీ ఉమ్మడి వ్యాపారం, గల్లా దగ్గర కూర్చోవడానికి ఇంటిమనిషి కావాలి, నేను ఖాళీగా ఉన్నాను. నేనేమో వెబ్‌సైట్లు చేసి బతుకుతానన్నాను. నాయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "సరే, మన దుకాణానికే ఒకటి చెయ్. పెద్దనాయన మెచ్చుకుంటె నీ ఇష్టం. లేకుంటె సోమారం నించి గల్లకాడ కూసో" అన్నాడు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా ఆ గల్లా వెనక కూర్చోవడమంటే నాకు జైలుతో సమానం. అంచేత నా బతుకంతా ఆ ఒక్క వెబ్‌సైటు మీదికి వచ్చి పడింది.

మొదట బుద్ధిగానే చేశాను. పైన దుకాణం పేరు, దాని కింద తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి, ఆ కింద బిందెలు, పళ్లేలు, ఇడ్లీ పాత్రలు వరుసగా. పెద్దనాయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"ఏందిరా ఇది, ఒక్కటి గూడ కదుల్తలేదు. దుకాణం బంద్ చేసినట్లున్నది" అన్నాడు.

ఇంకొకరైతే నొచ్చుకునేవారు. నాకు మాత్రం పండగైపోయింది. సరిగ్గా అప్పుడే స్టైల్‌షీట్‌లో, అంటే పేజీ ఎలా కనబడాలో రాసిపెట్టే చోట, బొమ్మల్ని తిప్పే విద్య నేర్చుకుని ఉన్నాను, దేన్ని తిప్పుదామా అని చేతులు దురద పెడుతున్నాయి. ఆ విద్య నిజానికి నాలుగు ముక్కలే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని డిగ్రీలు తిరగాలి, ఎంతసేపట్లో తిరగాలి, ఎప్పుడు ఆగాలి. ఆ చివరి చోట 'ఇన్ఫినిట్' అని రాస్తే ఇక ఆగనే ఆగదు. నేను అన్నిచోట్లా అదే రాశాను. బిందెలు గిర్రున తిరిగాయి. పళ్లేలు ఇంకా జోరుగా తిరిగాయి. ఇడ్లీ పాత్ర తలకిందులై మళ్లీ లేచేది. చివరికి ఫోన్ నంబర్‌ను కూడా వదల్లేదు (ఫోన్ చేయదలచినవాళ్లు మెడ వంకర పెట్టి, అది నిటారుగా వచ్చినప్పుడల్లా రెండేసి అంకెలు రాసుకోవాలి). పెద్దనాయన మొహం వెలిగిపోయింది. "హా, గిట్లుండాలె. ఇప్పుడు దుకాణం నడుస్తున్నట్లున్నది" అన్నాడు. ఆ మెప్పుకు ఉబ్బిపోయి, ఆ ఊపులోనే లక్ష్మీదేవికి కూడా అదే లైను తగిలించాను.

ప్రారంభం శుక్రవారం పెట్టుకున్నారు. దుకాణంలోని కంప్యూటర్‌కు పసుపూ కుంకుమా పెట్టి, మానిటర్ నెత్తిన బంతిపూల దండ వేశారు. మా అవ్వ (నాయనకూ పెద్దనాయనకూ తల్లి) హారతి పళ్లెం పట్టుకుని ముందు నిలబడింది. పక్కనున్న బట్టల దుకాణం సావుకారు వచ్చాడు. మట్మారి నుంచి పెళ్లి సామాన్లకు వచ్చిన ఒక కుటుంబం కూడా బేరం ఆపి వచ్చి చేరింది. నాయన చేతులు కట్టుకుని అందరి వెనకా నిలబడ్డాడు. నేను పేజీ తెరిచాను. అవ్వ హారతి ఎత్తి, ఒక్క చుట్టు తిప్పి, ఆగిపోయింది.

"ఏందిరా, అమ్మవారి తల కిందికొచ్చె" అంది.

నిజమే. బిందె తలకిందులైతే వట్టి బిందె, అమ్మవారు తలకిందులైతే అరిష్టం. ఈ తేడా స్టైల్‌షీట్‌కు తెలియదు, నాకైనా తెలిసి ఉండాల్సింది. "ఒక్క నిమిషం అవ్వా" అని కూర్చుని, బొమ్మ గడియారం ముల్లులా కాకుండా బొంగరంలా నిలువుగా తిరిగేటట్టు మార్చాను. ఇప్పుడు తల పైనే, తామరపువ్వు కిందే. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అవ్వ మళ్లీ హారతి ఎత్తింది. సగం చుట్టు తిరిగేసరికి బొమ్మ వెనకవైపు వచ్చింది. కంప్యూటర్ బొమ్మకు వీపంటూ ఉండదు, ముందున్నదే అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి కనిపిస్తుంది.

"ఎడమచేత్తోని పైసలిస్తున్నదేందిరా తల్లి?" అంది అవ్వ.

బట్టల సావుకారు దగ్గరికొచ్చి చూసి, అవునన్నట్టు తలూపాడు. నేను నాయన వైపు చూడలేదు, చూస్తే సోమవారం కనిపించేది. దీనికీ ఒక మందుంది: వెనకవైపు వచ్చినప్పుడు బొమ్మను దాచేయమని ఒక్క లైను రాస్తే సరి. రాశాను. తలకిందులూ లేదు, ఎడమచెయ్యీ లేదు. అమ్మవారు నిండుగా ఎదురుగా కనిపించి, మెల్లగా పక్కకు తిరిగి, సన్నని గీతైపోయి, మాయమయ్యేది. కాసేపు అక్కడ ఖాళీ. మళ్లీ వచ్చేది. మళ్లీ పోయేది.

అప్పటిదాకా నవ్వుతూ ఉన్న పెద్దనాయన నవ్వడం మానేశాడు.

"లచ్చిమి వస్తున్నది, పోతున్నది" అన్నాడు మెల్లగా. "ఎన్నిసార్లు పోతదిరా?"

ఇన్ఫినిట్ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వ్యాపారస్తుల ఇంట పుట్టి, సొంత దుకాణంలోంచే, అదీ శుక్రవారం పూట, లక్ష్మిని బయటికి పంపే ఏర్పాటు చేసినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. ఏడుపొక్కటే తక్కువ. చివరికి అవ్వే, "ఆమెను కూసోనియ్యి బిడ్డా. తిరిగి తిరిగి అలిసిపొయ్యింది" అంది. అమ్మవారి కోసం రాసిన లైన్లన్నీ చెరిపేశాను. చుట్టూ బిందెలూ పళ్లేలూ గిరగిరా తిరుగుతుంటే, అమ్మవారొక్కతే కదలకుండా కూర్చుని ఎంత బాగుందో చెప్పలేను. ఆ బాగుండటంలో నా ప్రతిభ ఏమీ లేదని నాకొక్కడికే తెలుసు. హారతి పూర్తయింది.

ఇక తీర్పు మిగిలింది. నాయన గొంతు సవరించుకున్నాడు. అంతలో బట్టల సావుకారు తిరిగే బిందెల్ని వేలితో చూపిస్తూ, "నమగూ ఇంథాదే ఒందు మాడికొడ్రి. సీరె తిరుగబేకు" అన్నాడు కన్నడంలో. వాళ్లకూ ఇలాంటిదే ఒకటి కావాలట, అందులో చీరలు తిరగాలట. పెద్దనాయన కళ్లలో గిరాకీ వచ్చినప్పటి మెరుపు మెరిసింది. నా భుజం మీద చెయ్యేసి, "మా పిలగాడే చేసిండు. దేవుండ్లను తప్ప ఏదన్న తిప్పుతడు" అని పూచీ పడ్డాడు. నాయన అనబోయిన మాటను అట్లాగే మింగేశాడు. సోమవారం రద్దయింది.

తర్వాత ఆ బజారులో నేను తిప్పనిది లేదు. చీరలు తిప్పాను, సిరవార ఊరివాళ్ల ట్రాక్టర్లు తిప్పాను, ఒకాయన కందిపప్పు బస్తా తిప్పాను (తలకిందులైతే పప్పు కారిపోదా అని ఆయనకు అనుమానమొస్తే, మూతి కుట్టిన బస్తా బొమ్మ పెట్టాల్సి వచ్చింది). ఆ అనుభవంతోనే బెంగళూరులో ఉద్యోగం దొరికింది. చేరిన రోజే అక్కడి పెద్దసారు, పేజీలో ఏదీ కదలకూడదు, చూసేవాళ్లకు చిరాకు అని చెప్పాడు. ఇప్పుడు నాకు జీతమిచ్చేది కదలని పేజీలు చేసినందుకే.

మొన్న రాయచూరు వెళ్లినప్పుడు పెద్దనాయన దుకాణమంతా తానే అయి తిరుగుతున్నాడు. పై అరలోంచి గంగాళం దించడం, గుమ్మందాకా వెళ్లి ఎవరినో పలకరించడం, ఎదురు హోటల్‌కు చాయ్ కేకేయడం, నిమిషం కుదురుగా ఉంటే ఒట్టు. ఉన్నట్టుండి నావైపు తిరిగి, "దినమంత నువ్వేం చేస్తవురా ఆడ?" అని అడిగాడు.

"కూసుంట పెద్దనాయనా" అన్నాను. "పొద్దుగాల కూసుంటె, పొద్దుగూకినంక లేస్త."

"అయ్యో," అన్నాడు ఆయన, నిజమైన జాలితో. "మాట్లాడనీకె గిరాకి గూడ రారా?"

రారన్నాను. గల్లా తప్పించుకున్నానని ఆ శుక్రవారం గంతులేసిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, ఎన్ని చెమటలు కక్కి గెలిచాడో. వాడికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పకండి.