త్రీ ఫేజ్ ముఠా, తిరిగివ్వని లైన్

కొత్త జిల్లాలు ఏర్పడిన కొన్నేళ్లకు నన్ను ఎల్లారెడ్డిలో విద్యుత్ సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. లైన్‌మెన్లు, సబ్‌స్టేషన్ ఆపరేటర్లు, వేళాపాళా లేని ఫోన్లు, ఇదీ నా సంసారం. అందులోనే ఒక హిప్ హాప్ ముఠా పుట్టింది.

జూనియర్ లైన్‌మన్ మహేశ్ పాట కట్టి పాడేవాడు. ఆపరేటర్ రజిత జవాబుగా అందుకునేది. మీటర్ రీడింగ్ తీసే సాదిక్ నోటితోనే దరువు వేసేవాడు. ముగ్గురు కాబట్టి ‘త్రీ ఫేజ్’ అని పేరు పెట్టుకున్నారు. ఫ్యూజు పోతే రైతులు సొంతంగా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేయొద్దని వాళ్లు కట్టిన పాట చుట్టుపక్కల ఊళ్లలో ఫోన్లలో తిరిగింది. ఆ వేగం నా చెవికి అందేది కాదు. అయినా ఆ పిల్లలంటే నాకు ముచ్చట. కామారెడ్డిలో పోటీ ఉందని, గెలిస్తే హైదరాబాద్ స్టూడియోలో పాట రికార్డు చేయిస్తారని తెలిసి, పోటీ రోజు మధ్యాహ్నం నుంచి ముగ్గురికీ సెలవు నేనే సర్దాను.

అదే రోజు పొద్దున ఈదురుగాలికి చెట్ల కొమ్మలు విరిగిపడి ఒక పల్లె లైన్ తెగింది. మహేశ్ ఎల్సీ తీసుకున్నాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్. తీసుకున్న మనిషి పేరున లైన్ ఆపేస్తారు. ఎవరిని ఏ స్తంభం ఎక్కించాడో అతనికే తెలుసు కాబట్టి, అందరూ దిగారని కళ్లారా చూసి అతనే తిరిగి అప్పజెప్పాలి. అంతవరకు ఎవరు చెప్పినా ఆపరేటర్ కరెంటు ఇవ్వకూడదు. మహేశ్ తీగ కలిపి, మిగిలిన కొమ్మలు కొట్టమని ఇద్దరు కూలీలకు పురమాయించి, బస్సెక్కేశాడు. మనసంతా పాట మీదే ఉండి ఎల్సీ సంగతే మరిచిపోయాడు.

సాయంత్రానికి, పొట్ట మీదున్న వరికి నీళ్లు లేవని రైతులు సబ్‌స్టేషన్ గేటుకు వచ్చారు. ‘‘స్విచ్చి ఏసుడే గద సారూ, ఆడ ఎవలు లేరు’’ అని ఒక పెద్దాయన కోప్పడ్డాడు. కూలీల ఫోన్లు పలకలేదు. మహేశ్‌కు చేశాను. అక్కడ తరువాతి వంతు వాళ్లదేనట.

‘‘అందరు దిగిండ్రనుకుంట సార్’’ అన్నాడు.

‘‘అనుకుంటే లైన్ ఎట్లిస్తం మహేశ్?’’ అన్నాను.

 ఫోన్లో అతని పక్కనుంచి రజిత గొంతు వినిపించింది. ‘‘నడువుండ్రి, పోదాం. నేను డ్యూటీల ఉన్నా లైన్ ఇయ్యకపోతుంటి.’’

పోటీ వదులుకుని ముగ్గురూ తాడ్వాయి మీదుగా వెనక్కి వచ్చారు.  మహేశ్ లైన్ పొడవునా నడిచి, కూలీల ఇండ్లకు వెళ్లి ఇద్దరినీ చూసి వచ్చి, ఎల్సీ తిరిగిచ్చాడు. కరెంటు వచ్చింది. మర్నాడు అతనికి మెమో కూడా నేనే ఇచ్చాను, అది వేరే సంగతి.

పాటల పోటీ వదిలి వచ్చారని తెలిసి రైతులు కదల్లేదు. ‘‘గా పాటేందో ఈడనే పాడుండ్రి’’ అన్నాడు పెద్దాయన. గేటు ముందు నిలబడి ముగ్గురూ ప్రాణం పెట్టి పాడారు. చివరన ఆయన, ‘‘మంచిగనే ఉంది గని, గంత ఉరుకుడేంది బిడ్డా, ఎనుకకెల్లి ఎవలన్న తరుముతుండ్రా?’’ అన్నాడు. రజిత పడీపడీ నవ్వింది. అదే వాళ్ల ఆఖరి కచేరీ. తరువాత ఆమెకు నస్రుల్లాబాద్ బదిలీ అయింది, సాదిక్ కామారెడ్డిలో దుకాణం పెట్టుకున్నాడు.

నియమం కోసం ఆ పిల్లల పాట పోగొట్టావని ఇప్పటికీ కొందరంటారు. నిజమే, ఆ రోజు లైన్ మీద ఎవరూ లేరు. కానీ ఆ సంగతి మాకు తెలిసింది మహేశ్ చూసి వచ్చాకే.