తాడు తెగిన కాలు

అతను చెప్పింది నిజమే కావచ్చు. అయినా ఆ మనిషి మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు.

తొంభైల మొదట్లో కబడ్డీ ఆటలో నా మోకాలు పోయింది. ఎక్స్‌రే తీయించుకుని నేనూ, మేం అవ్వ అని పిలిచే అమ్మా మంచిర్యాలలో ప్యాసింజరు ఎక్కాం. ఎదుటి సీట్లో సీతాఫలం తింటున్న పెద్దమనిషి తాను బొక్కల డాక్టర్నన్నాడు, అంటే ఎముకల డాక్టరు. అడగకుండానే ఎక్స్‌రే లాక్కుని కిటికీ వెలుగులో చూశాడు. నా కాలు పట్టి ముందుకు గుంజాడు. నేను కేక పెట్టాను.

"నీ మొగడు బాయి పనేనా?" అని అవ్వను అడిగాడు. ఔనంది. నాయన బొగ్గుగనిలో పని చేసేవాడు.

"అయితే సమజైతది. మోకాలి కింది బొక్క నెత్తి అందరికీ జరంత వెనక్కి వాలి ఉంటది. వీనిది మరీ ఏటవాలు. బాయిల పట్టాల మీద బొగ్గు టబ్బు జారినట్టు పైబొక్క వెనక్కి జారుతది. లోపల రెండు బొక్కలను పట్టి ఉంచే తాడు ఎన్నిరోజులు ఆగుతది? తెగింది."

"దిష్టి తగిలిందనుకున్న సారూ. నల్లదారం గూడ కట్టిన."

అతను గింజలు కిటికీలోంచి ఉమ్మి నవ్వాడు. "తాడు తెగినంక దారం కట్టినవా?" పక్కవాళ్లూ నవ్వారు.

"ఇంకో కొడుకున్నడా?"

"ఉన్నడు. వాడు గూడ కబడ్డే ఆడుతడు."

"గదే కడుపు, గదే బొక్క. ఆడనియ్యి. తెగినంక తోల్కరా."

బెల్లంపల్లిలో దిగి ఇల్లు చేరగానే అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా మోకాలి కింద కట్టిన నల్లదారం విప్పింది. తమ్ముణ్ణి పిలిచి వాడి కాలికి కట్టింది.