ఖాళీగా ఉంటేనే వణికే బండి: కమ్మర్‌పల్లి నుంచి బోధన్ దాకా

నా పేరు ముత్తెవ్వ. డెబ్బై రెండేళ్ళు. ఊరు కమ్మర్‌పల్లి పక్కన. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు శ్రావణి. మూడెకరాల పసుపు, ఒక పాత పికప్పు బండి మా ఆధారం. నాకు అక్షరం రాదు, నేను చెబుతుంటే శ్రావణి తన బ్లాగులో రాస్తోంది. బండి వణుకుతోందని షాపుల చుట్టూ తిరిగేవాళ్ళకు ఈ ప్రయాణం పనికొస్తుంది. మా డ్రైవర్ సాయిలును నలుగురిలో నేనన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

సాయిలు పదకొండేళ్ళుగా మా బండి నడుపుతున్నాడు. ఈసారి పసుపు తవ్వకాలు మొదలైన దగ్గర్నుంచి బండి వణుకుతోందని మొత్తుకుంటున్నాడు. ఆర్మూరులో టైర్లు మార్చారు, తగ్గలేదు. నిజామాబాద్‌లో షాఫ్టుకు, అంటే ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు మోసుకెళ్ళే పొడవాటి ఇనుప గొట్టానికి, రెండు కీళ్ళూ కొత్తవి వేశారు. అయినా తగ్గలేదు. చివరికి నేనే ఎక్కి కూర్చున్నాను. పసుపు బస్తాలతో పోతుంటే బండి నీళ్ళ మీద పడవలా పోయింది. దింపి ఖాళీగా వస్తుంటే ఒళ్ళు హూనమైంది. ఇంక నాకు అనుమానమేముంది? నా సరుకున్నంతసేపు ఒద్దికగా నడుపుతాడు, సరుకు దిగగానే ఇష్టమొచ్చినట్టు తోలుతాడు అనుకున్నాను. బోధన్‌లో చెరుకు లారీలు బాగుచేస్తూ ముసలివాడైన గఫార్ భాయ్ అనే మెకానిక్కు ఉన్నాడని మా కొడుకు చెబితే, తేల్చుకుందామని నేనే బయలుదేరాను.

గురువారం పొద్దున ఐదింటికి ఇరవై బస్తాల పసుపుతో కదిలాం. ఆర్మూరు మీదుగా నిజామాబాద్ మార్కెట్ యార్డు చేరేసరికి ఆరున్నర. దారంతా వణుకు మాటే లేదు. హమాలీలు బస్తాలు దించుతుంటే అందరూ వినేలా అడిగాను.

"సూసినవా సాయిలూ? నేను పక్కన కూసుంటే బండికి రోగం లేదు."

"ఖాళీ కానియ్యి అవ్వా, అప్పుడు సూద్దువు."

"గదే నేననేది! నా మాల్ దిగంగనే నీకు పగ్గాలుండయి. గఫార్ భాయ్ బండిది తప్పన్నడా, సరే. నీది తప్పన్నడా, చాబీ నా చేతుల వెట్టి బస్సెక్కు."

హమాలీ మేస్త్రీ మల్లయ్య బస్తా దించి నడుం నిటారు చేసుకున్నాడు. "పదకొండేండ్ల సంది నీ తాన ఉన్న మనిషి అవ్వా. జర సోంచాయించి మాట్లాడు."

"నువ్ బస్తాలు సూస్కో" అన్నాను. సాయిలు ముఖం నల్లబడింది.

బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ ఎనభై రూపాయలైంది. సాయిలు సగం వదిలేశాడు. అక్కడి నుంచి బోధన్ గంటలోపే. జానకంపేట దాటాక స్పీడు ముల్లు యాభై మీదికి రాగానే సీటు కింద మొదలైంది. చేతి గాజులు గలగలమన్నాయి. నేను రోడ్డు చూడలేదు, సాయిలు పాదాన్నే చూశాను. పొద్దున ఎట్లా ఆనించాడో అట్లాగే ఆనించి ఉంది. కళ్ళు చూశాయి గానీ కోపం ఒప్పుకోలేదు.

తొమ్మిదిన్నరకు షాపు చేరాం. గఫార్ భాయ్ బానెట్ ఎత్తలేదు, పానా పట్టుకోలేదు. సంగతంతా విని, సాయిలును దిగమని తనే స్టీరింగ్ పట్టాడు.

"అవ్వా, చెప్పులిడువు. కాళ్ళు కింద ఆనియ్యి. సేతులు ముంగట వెట్టు. నేనడిగింది చెప్పు, సాలు."

నిలబడ్డ బండిలోనే ఆక్సిలేటర్ గట్టిగా తొక్కాడు. వణుకు లేదు. "అయితే ఇంజన్ సాఫ్" అన్నాడు. రోడ్డెక్కి యాభై దాటించాడు. వణుకు వచ్చింది. గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేశాడు.

"ఆగిందా?"

"లేదు."

"సేతులకు తెలుస్తుందా, కూసున్న కాడనా?"

"కూసున్న కాడ. కాళ్ళ కింద."

"ముంగటి టైర్లు గావు. ఎనక నుంచే వస్తుంది."

ఇన్ని నెలల్లో ఏ షాపులోనూ నన్నెవరూ ఏమీ అడగలేదు. ఈ మనిషి నా పాదాలను అడిగి బండి కడుపులోది తెలుసుకుంటున్నాడు! నోరు తెరుచుకుని చూస్తుంటే తట్టింది. సాయిలు అక్కడ షాపు ముందు నిలబడి ఉన్నాడు. నడుపుతున్నది గఫార్ భాయ్. బండి మాత్రం అట్లాగే వణుకుతోంది.

"బస్తాలుంటే వణకదన్నరు గదా, సూద్దాం" అని పక్కనున్న రైసుమిల్లుకు తీసుకెళ్ళాడు. మిల్లు చూసుకునే వెంకట్రావు గారు, వాళ్ళ తాతలనాడు గోదావరి వైపు నుంచి వచ్చి కాలవ కింద పొలం కొనుక్కున్నారట, పడీపడీ నవ్వారు.

"బండి వైద్యానికి వడ్లా అండీ? పట్టుకెళ్ళండి. ఒక్క బస్తా తగ్గిందంటే మామ్మగారు మా మిల్లులో ఉండిపోవాలి మరి!"

ఇరవై బస్తాలు ఎక్కించారు. అదే రోడ్డు, అదే చెయ్యి, ముల్లు అదే యాభై మీద. నేను సీటు అంచు పట్టుకుని వణుకు కోసం ఎదురుచూశాను. రాలేదు. అరవై దాటినా రాలేదు. తిరిగి మిల్లు చేరేదాకా గాజులు చప్పుడు చెయ్యలేదు.

తిరిగొచ్చి బస్తాలు దింపించాక గఫార్ భాయ్ వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. బరువు మోసే కమాన్ పట్టీలు తుప్పు రంగులో ఉన్నాయి. వాటి మధ్య రెండు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి.

"గీ కొత్త పట్టీలు ఎవలు ఏపిచ్చిండ్రు?"

సాయిలు తనకు తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నాకు గుర్తొచ్చింది. పసుపు మొదలయ్యే ముందు, అతను ముప్కాల్‌లో కూతురింటికి పోయిన వారంలో, బరువుకు బండి కూలబడుతోందని రెండు పక్కలా రెండేసి పట్టీలు ఎక్కువ వేయించాను. చెరుకు బండ్లకు వేస్తారు, మాకేం తక్కువ అని. సాయిలుకూ, ఏ మెకానిక్కుకూ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

"నేనే" అన్నాను.

గఫార్ భాయ్ తిట్టలేదు. తన మోచేయి కొద్దిగా వంచి ముంజేతిని తిప్పి చూపాడు. "షాఫ్ట్ కీలు గింత వంగితే సాఫ్‌గ తిరుగుతది." ఇంకా వంచాడు. "గింత వంగితే పట్టుకుంట, ఇడుసుకుంట తిరుగుతది. పట్టీలు ఎక్కువై బండి ఎనక లేసింది, షాఫ్ట్ కీళ్ళు వంగినయ్. బరువేస్తే కిందికొస్తది, సక్కగైతది. డ్రైవర్‌ది ఏం లేదవ్వా."

పట్టీలు తీయడానికి రెండు గంటలు పట్టింది, కూలి ఎనిమిది వందలు. ఇకమీద ట్రిప్పుకు నాలుగు బస్తాలు తగ్గించమన్నాడు. రెండున్నరకు ఖాళీ బండితో బయలుదేరాం. జానకంపేట దాకా నేను చెప్పులు విప్పే కూర్చున్నాను. కాళ్ళ కింద వణుకేమీ లేదు.

"సాయిలూ, తప్పు నాది. చాబీ నీ తాననే ఉంటది" అన్నాను.

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "గా మాట యార్డుల అనాలె అవ్వా. నన్ను ఆడనే అన్నవ్ గదా."

ఎదురు మాట నాకు గిట్టదని ఊరందరూ ఎరుగుదురు. ఆ రోజు మాత్రం, సరే, యార్డులోనే అంటానన్నాను. ఇరవై బస్తాలతో, వంచిన మోచేతితో, ఒక మనిషి ఇనుము చేత నిజం చెప్పించాడు. ఇనుప పట్టీ రెండు వేళ్ళ మందం ఎక్కువైతే ఎక్కడో షాఫ్టు కీలు వంగుతుంది, ఆ వంపు వచ్చి నా కాళ్ళ కింద తెలుస్తుంది. అంతా ఒకదానికొకటి కట్టి ఉందని ఇన్నేళ్ళకు చూశాను. పదకొండేళ్ళ నమ్మకం కూడా దానికే కట్టి ఉందని అప్పుడే తెలిసింది.

మీరు మెకానిక్కు దగ్గరికి పోయేటప్పుడు ఒకటి చెయ్యండి. వణుకు ఖాళీగా ఉంటేనా, బరువుంటేనా, ఎంత వేగంలోనో గుర్తుపెట్టుకోండి. వణుకు మొదలవ్వక ముందు బండికి ఏం కొత్తగా వేయించారో దాచకుండా మెకానిక్కుకు ముందే చెప్పండి.

ఇదంతా శ్రావణి సోమవారం యార్డులో, సాయిలును ముందు నిలబెట్టి, హమాలీలందరికీ గట్టిగా చదివి వినిపించింది. నేను పక్కనే నిలబడి విన్నాను. అందులో ప్రతి మాటా నాదే.

ముత్తెవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.
విన్న సాక్షులు: మల్లయ్య, హమాలీ మేస్త్రీ. పోశెట్టి, హమాలీ.