మూడో పేరు కర్నూలు

ఆళ్లగడ్డలో మా అత్తవారింట్లో నాతో చదువు గురించి మాట్లాడే మనిషి ఒక్కతే, మా ఆడబిడ్డ. మా ఆయన ఉద్యోగం నంద్యాలలో. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవారు. మిగిలిన రోజుల్లో నేనూ, ఆరు నెలల బిడ్డా, ఆ పిల్లా.

ఆమె ఎస్.ఎస్.ఎల్.సి. పాసైన వేసవిలో, ఏ కాలేజీలకు దరఖాస్తు పెట్టాలో నేనే కాగితం మీద రాశాను. మొదట మద్రాసు, నేను చదివిన ఊరు. మద్రాసు నుంచి మన రాష్ట్రం వేరుపడ్డాక అక్కడ మనవాళ్లకు సీటు కష్టమని అనుకునేవాళ్లు. తర్వాత అనంతపురం. చివర కర్నూలు. ఆమె మార్కులకు అక్కడ తప్పకుండా దొరుకుతుంది.

"కర్నూలు దేనికి వదినా? నాకు మద్రాసు రాదనా?" అని మూతి ముడుచుకుంది.

"వస్తాది. రాకుంటే ఏడాది ఇంట్లో కూచుంటావు. ఆలోపల మీ నాయన పెండ్లి చేసేస్తాడు."

నా భయం అదే. నేను ఒక్క కాలేజీకే దరఖాస్తు పెట్టి ఒక ఏడాది పోగొట్టుకున్నదాన్ని.

మా మామగారు ఆ కాగితం చూసి నవ్వారు. "ఏందమ్మా, ఒగ పిల్లకు మూడు సంబంధాలు చూస్తాండావా?"

"ఏదో ఒకటి కుదరాల కదా మామా" అన్నాను నేనూ నవ్వుతూ. అంతకంటే వివరంగా చెప్పలేదు.

కర్నూలు జవాబు ముందు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత, అన్నం తింటూ మామగారు చెప్పారు: "మిగతా రెండు కాలేజీలకూ కార్డులు రాసేసినా. మా పాపకు వేరేచోట కుదిరింది, మాకోసం కాసుకోవద్దండీ అని."

"నాయనా! కాలేజీకి అట్ల రాస్తారా యాడన్నా?" అంది ఆడబిడ్డ.

"ఒగరికి సరే అని, ఇంకొగరిని ఆశ పెట్టేదేంది? మన ఇంట్లో ఎప్పుడన్నా చేసినామా అట్ల?"

ఆయన మర్యాదే చేశాననుకున్నారు.

ఆ సాయంత్రమే, కార్డు పొరపాటున రాశామని, క్షమించమని మద్రాసుకు నేను ఉత్తరం వేశాను. జవాబు లేదు. కర్నూలులో చేరే గడువు దగ్గరపడింది. మద్రాసు పోవాలంటే చాగలమర్రి వైపు బస్సెక్కాలి. ఆమె కర్నూలు దారిలో నంద్యాల బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి చాపి బిడ్డ బుగ్గ గిల్లి, "మూడో సంబంధమే ఖాయమైందిలే వదినా" అంది.

ఆమె వెళ్లిన ఐదో రోజు మద్రాసు జవాబు వచ్చింది. ఆమెకు సీటు ఇచ్చారట. మామగారి కార్డు అందాక దాన్ని ఇంకో అమ్మాయికి ఇచ్చేశారట.

ఆ ఉత్తరం బిడ్డ బట్టల పెట్టెలో, అడుగున పెట్టాను. మామగారికి చూపిస్తే ఆయన తట్టుకోలేరు. నా మనసులోది చెప్పుకునే మనిషేమో కర్నూలులో ఉంది, ఈ మాట ఆమెకే చెప్పకూడదు.

ప్రతి ఉత్తరం చివరా ఆమె అడుగుతుంది: "మద్రాసు నుంచి ఏమన్నా వచ్చిందా వదినా?"

బిడ్డ నిద్రపోయాక జవాబు రాయడానికి కూర్చుంటాను. కింద రెండు పళ్లు వచ్చాయనీ, గోడ పట్టుకుని నిలబడుతున్నాడనీ రాస్తాను. కాగితం నిండేదాకా వాడి సంగతులే రాస్తాను.