తెగిన రెండు ముత్యాల దండలు

ఇచ్ఛాపురంలో బంధువుల పెళ్లికి మా వదిన ముత్యాల దండ అడిగి పెట్టుకున్నాను. చనిపోయిన వాళ్లమ్మ ఇచ్చిన దండ అది. నిండుగా ఉంటుందని దాంతోపాటు నా దండ కూడా వేసుకున్నాను. అక్షింతలు వేస్తుంటే రెండూ పక్కావిడ గాజులకు చిక్కుకుని ఒక్కసారే తెగాయి. ఆడవాళ్లంతా నేలమీద వంగి ఏరి నా చేతిరుమాల్లో పోశారు. ఏవి వదినవో, ఏవి నావో తెలియలేదు.

పలాస చేరేదాకా బస్సులో ఆ మూట గుప్పిట్లోంచి వదల్లేదు. ఇంటికొచ్చి పళ్లకు రాసి చూశాను. అసలైనవి గరుగ్గా తగులుతాయని విన్నాను. అన్నీ గరుగ్గానే ఉన్నాయి.

మర్నాడు మా వీధి చివరి కంసాలి దగ్గరికి పరిగెత్తాను.

"తాతా, వదినవి అసలైన సముద్రపు ముత్యాలు. నావి ఉత్త కల్చర్డువి. విడదీయగలవా?"

ఆ ముసలాయన నవ్వాడు. "రెండూ కల్చర్డేనమ్మా. మనిషి పెంచినవే. అలాగని దొంగవి కావు."

భూతద్దం నా చేతికిచ్చి ఒక ముత్యం బెజ్జం చూపించాడు. "సూడు, ఇది మీ వదినది. లోపల పూస, పైన సన్నటి పొర. మధ్యలో గీత కనపడతందా? సముద్రపు ఆల్చిప్పలో గుండ్రటి పూస పెట్టి పెంచుతారు. అందుకే ఇంత గుండ్రం, ఇంత మెరుపు. నీది మంచినీటిది. అందులో పూస ఉండదు, లోపలంతా ముత్యమే. అందుకే కాస్త కోలగా ఉంది."

నల్లటివి, ద్రాక్షపండంతటివి కూడా సముద్రంలోనే పెంచుతారట. అవి తను ఒక్కసారే చూశాడట.

వదినవి వేరుచేసి, పెద్దది మధ్యలో, రెండు వైపులా జతలుజతలుగా చిన్నవి పేర్చాడు. ఒకదానికి జత లేదు.

"ఒకటి తక్కువుందమ్మా."

ఇంటికెళ్లి పెళ్లిలో కట్టుకున్న పట్టుచీర మడతలు ఒక్కొక్కటే విప్పాను. కుచ్చిళ్లలోంచి టప్పున గచ్చు మీద పడింది. దాన్ని గుప్పిట్లో బిగించి మళ్లీ తాత దగ్గరికి వెళ్లాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తాత ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి రెండూ గుచ్చిచ్చాడు. మళ్లీ తెగినా ఒక్కటే జారుతుందట.

టెక్కలి వెళ్లి వదినకు జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ ముడులు తడిమి చూసింది.

"తెగిందా? మంచిదే అయింది. దారం పాతదైపోయిందని భయపడి ఇన్నేళ్లూ బీరువాలో దాసీసినాను. ఇటు రా, కొక్కెం పెట్టు."

పెట్టాను. వదిన ఆ దండతోనే వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టింది.